ఐదోవాడు

నా బండికి మూడు వైపులా తెరలు.
ఎన్నికలప్పుడు ముఖాలు, చలికాలం మొదట్లో కిమ్చీ ఫ్రిజ్‌లు,
ఒకసారి జీతాలందని నర్సుల గోడు.
ఏది వేస్తే అది మోస్తాను.
డీజిల్‌కి అర్థంతో పనిలేదు.

మార్చిలో ఒక మంగళవారం
పాంగ్యోలో, గేమ్ కంపెనీ అద్దాల మేడ ముందు
ఎర్రటి అక్షరాలు వెలిగాయి:
‘మూడేళ్లుగా మేం నలుగురినే ప్రేమించాం.
ఐదోవాణ్ణి వెనక్కి తీసుకోండి.’

నలుగురిని మోసిన గుండెకి ఐదోవాడు బరువా అని
స్టీరింగు వెనక నవ్వుకున్నాను.

మధ్యాహ్నం ఒకమ్మాయి వచ్చింది, యేసోల్.
పళ్ల డాక్టరు దగ్గర పనట.
భోజనం మానేసి రెండు బస్సులు మారింది
అక్షరాలు సరిగ్గా వెలుగుతున్నాయో లేదో చూడ్డానికి.
రెండువేల మంది చందా వేసుకున్నారట,
తలా ఒక పూట నూడుల్స్ డబ్బు.

‘ఇంతకీ ఏం చేశాడమ్మా వాడు?’
‘వచ్చాడు.’
‘వస్తే?’
‘కథలో ఒక మంచు రాత్రి ఉంది.
ఆ రాత్రి మావాడొక్కడే తలుపు తట్టాడు.
రెండేళ్లుగా దాన్ని తలుచుకునే నిద్రపోతున్నాను.
ఇప్పుడేమో ఐదోవాడు కూడా అప్పుడే మెట్ల మీద ఉన్నాడంటున్నారు.
నేనే చూడలేదట!
నా జ్ఞాపకంలో
నన్నడక్కుండా అద్దెకి దించారు.’

‘వాడసలు లేనే లేడు కదమ్మా.’

‘లేడు.
ఉన్నవాడైతే నేనే పొమ్మనేదాన్ని.
ఉన్నవాళ్లని చాలామందినే పొమ్మన్నాను.’

దీనికి నా దగ్గర జవాబు లేదు.
తాళాలు తిప్పి ఇంజను వేశాను.

మూడింటికి మేడలోంచి ఒకావిడ దిగింది.
మెడలో కార్డు బోర్లా తిప్పుకుని,
చేతిలో రెండు కాఫీ డబ్బాలతో.
‘ఎడమవైపు తెరలో ఒక అక్షరం తప్పుంది’ అంది.
‘దిద్దించమంటారా?’
‘వద్దు. కోపం అలాగే ఉండాలి.’

కాసేపాగి,
‘వాడికి మాటలు రాసింది నేనే.
పొడవు వాళ్లు చెప్పారు, భుజాలు వాళ్లు చెప్పారు,
కనుబొమ మీద మచ్చ కూడా వాళ్లదే.
నాకు మిగిలింది ఒక్కటి.
ఈత రాదని రాశాను, నీళ్లంటే భయమని.
నలుగురూ దూకి కాపాడేవాళ్లేనండీ.
ఒక్కడైనా గట్టున నిలబడి
సాయం కోసం అరవాలి కదా.’

నేను పుట్టింది గోగుమ్ దీవిలో.
ఎటు చూసినా సముద్రం.
నాకూ ఈత రాదు.
అరవై ఒక్కేళ్లొచ్చినా ఎవరికీ చెప్పలేదు,
ఆవిడకీ చెప్పలేదు.
కాఫీ మాత్రం తాగాను. చల్లగా ఉంది.

ఒప్పందం ఆరింటిదాకా.
ఐదున్నరకి వాన పట్టుకుంది.
మేడ చుట్టూ ఇరవై ఏడోసారి తిరుగుతుంటే
వైపర్లు అటూ ఇటూ తలాడించాయి,
వద్దు, వద్దు, వద్దు అని.
పైన ఏదో అంతస్తులో ఒక దీపం
ఆరీ ఆరనట్టుంది.
ఆ వెలుగులో ఎవరున్నారో నాకేం తెలుసు.

మే నెలాఖరున ఫోను.
‘యేసోల్‌ని, గుర్తున్నానా?’
‘మళ్లీ ఎవరొచ్చారమ్మా? ఆరోవాడా?’
దగ్గింది. ఎందుకో గొంతు సవరించుకుంది.
‘ఎనిమిదో తారీఖు పుట్టినరోజు.
తెర మీద కేకు బొమ్మ చాలు. పేరు సోహ్వాన్.’
‘సోహ్వానంటే?’
‘...ఐదోవాడు.’

‘రెండువేల మందీ కలిసేనా?’
‘పదకొండు మందిమి.
మిగతావాళ్లకి తెలియనివ్వకండి, చంపేస్తారు.’
‘సరే. పాత దారేనా?’
‘అదే దారి. కానీ,
వాగు పక్క రోడ్డు మాత్రం వద్దు.
చుట్టూ తిరిగి రండి. డీజిల్ ఎక్కువైతే ఇచ్చుకుంటాం.’

ఎందుకని నేను అడగలేదు.